గుంయ్‌మనే శబ్దం ఎక్కణ్ణుంచి?

చెప్పులు గుమ్మం బయట వదిలి లోపలికి రండి. శనివారం, సాయంత్రం నాలుగు దాటింది. కృష్ణా డెల్టాలో ఒక పల్లె చర్చి ఇది. ముందు సగం పాత డాబా. వెనక సగం జనం పెరిగాక రేకులు వేసి పొడిగించిన హాలు. కుర్చీలు గోడవార దొంతరలుగా పేర్చి ఉన్నాయి, చాపలు చుట్టి మూలన నిలబెట్టారు. స్టేజీ మీద ఎడమ పక్కన కీబోర్డు, ప్యాడ్లు, బేస్ గిటారు, దాని యాంప్. మధ్యలో పుల్పిట్, దాని వెనక గోడకి ఫ్యాన్ల స్విచ్ బోర్డు. మిక్సరు మాత్రం హాలు చివర కిటికీ పక్కన బల్ల మీద ఉంది, దాని కిందే యాంప్లిఫయర్లు. స్టేజీ నుంచి అక్కడికి మైకు వైర్లు గోడ వెంట పాతిక మీటర్లు వస్తాయి.

"వందనాలు బ్రదర్" అంటూ అయ్యగారు ఎదురొచ్చారు. "పోయిన ఆదివారం వాక్యం చెప్పినంతసేపూ బాక్సుల్లో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. వెనక కూర్చున్న పెద్దవాళ్లు ఒక్క మాటా అందలేదంటున్నారు. రేపు ప్రభు రాత్రి భోజన ఆరాధన కూడా ఉంది."

"వందనాలు అయ్యగారూ. ముందు విందాం. ఏదీ ముట్టుకోవద్దు."

మైకు చూసే కుర్రాడు ఇంటర్ చదువుతున్నాడు. వాడి చెయ్యి అప్పుడే యాంప్లిఫయర్ స్విచ్ మీద ఉంది. "ముందు మిక్సరు వెయ్యి నాన్నా. యాంప్లిఫయర్ ఎప్పుడూ ఆఖర్న. ఆపేటప్పుడు అదే ముందు" అన్నాను. మిక్సరు ఆన్ అయినప్పుడు దాన్నుంచి ఒక్కసారి 'ధబ్'మని వచ్చే కరెంటు యాంప్లిఫయర్‌లో పెరిగి స్పీకర్ల మీద పడితే కోన్లు చినగొచ్చు. వాడు తలూపి వరుస మార్చాడు. యాంప్లిఫయర్ ఎర్రలైటు వెలిగింది, రిలే 'టక్'మంది, హాలంతా రొదతో నిండింది.

ఇప్పుడు మీరు వెనక గోడ దాకా నడవండి. ముసలమ్మలు చాపలేసుకుని కూర్చునే చోట నిలబడండి. అయ్యగారు పుల్పిట్ దగ్గర మైకులో మామూలు గొంతుతో మాట్లాడుతున్నారు. స్వరం అందుతోంది, మాట అందడం లేదు. 'పాపం' అన్నారా, 'శాపం' అన్నారా, 'తాపం' అన్నారా? వెనకొచ్చే 'ఆపం' మూడింటిలోనూ ఒకటే. తేడా అంతా మొదటి హల్లులో ఉంది, ఆ హల్లు పలికేది సెకనులో చిన్న వంతు. అచ్చుల్లో బలం ఎక్కువ, కాబట్టి రొదలోనూ నిలబడతాయి. హల్లులు బలహీనం, ముందు అవే మునిగిపోతాయి. వయసు మీద పడినవాళ్లకి మొదట తగ్గేది పై స్థాయి ధ్వనులు వినే శక్తే. 'స', 'శ', 'త' లాంటివాటి గుర్తు ఉండేది అక్కడే. కుర్రాళ్లకి చిరాకుగా అనిపించే రొద ముసలివాళ్లకి వాక్యాన్నే లేకుండా చేస్తుంది. వాల్యూమ్ పెంచితే రొద కూడా పెరుగుతుంది. అందుకే ఈ పనిని వాల్యూమ్‌తో తేల్చలేం, కారణం దొరకాల్సిందే.

చెవి పెట్టి వినండి. ఇది ఒక శబ్దం కాదు, కనీసం మూడున్నాయి. అడుగున బరువుగా 'గుంయ్‌' అని ఒకటి. దాని మీద గరుకుగా 'జుర్ర్' అని ఇంకొకటి. పైన సన్నగా 'స్‌స్‌' అని మూడోది. ఈ మూడింటికీ పుట్టుక వేరు, మందు వేరు.

కుర్రాణ్ణి స్టేజీ మీదకి పంపాను. 61 కీల కీబోర్డులో ఎడమ చివర నుంచి మొదట వచ్చే 'జి' కీని ఆర్గాన్ టోన్‌లో నొక్కి పట్టుకోమన్నాను. బాక్సుల్లోకి వద్దు, కీబోర్డు సొంత స్పీకర్‌లోనే చాలు. ఆ 'జి' 98 హెర్ట్‌జ్. మన కరెంటు 50 హెర్ట్‌జ్, దానికి రెట్టింపు 100. ఆ రెండూ ఒకేసారి మోగుతుంటే, సెకనుకి సుమారు రెండుసార్లు శబ్దం ఉబ్బి తగ్గుతుంది. వినండి: 'వూం... వూం... వూం...' ఆ ఊపే సాక్ష్యం. మనం వింటున్న రొద గాలిలోంచి వచ్చింది కాదు, మైకు పాడైపోయి వచ్చింది కాదు. కరెంటు లైన్లోంచి వస్తోంది. ఎక్కడో ఒకచోట అది పాట నడిచే దారిలోకి చొరబడుతోంది. ఆ చోటు పట్టుకోవాలి.

వెతకడానికి ఒకటే పద్ధతి. దారిని మధ్యకి కొయ్యాలి, రొద ఏ సగంలో ఉందో చూడాలి, ఆ సగాన్ని మళ్లీ మధ్యకి కొయ్యాలి. మాస్టర్ ఫేడర్ పూర్తిగా కిందికి దించాను. 'గుంయ్‌', 'జుర్ర్' రెండూ పోయాయి, 'స్‌స్‌' మాత్రం మిగిలింది. అంటే ఆ రెండూ మాస్టర్‌కి ముందే పుడుతున్నాయి. యాంప్లిఫయర్లకీ, స్పీకర్లకీ, వాటి వైర్లకీ వాటితో సంబంధం లేదు. ఒక్క కదలికతో సగం సిస్టమ్ అనుమానం లోంచి బయటపడింది. ఇప్పుడు మాస్టర్ మళ్లీ పైకి. ఒక్కొక్క చానలూ మ్యూట్. క్వైర్ మైకులు, తేడా లేదు. ప్యాడ్లు, లేదు. పుల్పిట్ మైకు మ్యూట్ చేయగానే 'జుర్ర్' తెగిపోయింది. లాప్‌టాప్ చానల్ మ్యూట్ చేయగానే 'గుంయ్‌' ఆగిపోయింది.

ముందు పుల్పిట్ సంగతి చూద్దాం, రండి. ఆ చానల్ ఒక్కటే తెరిచి ఉంచాను. గోడ మీద ఫ్యాను రెగ్యులేటర్ని నెమ్మదిగా తిప్పమని కుర్రాడికి చెప్పాను. పూర్తి స్పీడులో రొద చాలా తక్కువ. సగానికి తిప్పాడు, 'జుర్ర్' లేచి నిలబడింది. స్విచ్ ఆపేశాడు, శబ్దం పోయింది. వాడి కళ్లు పెద్దవయ్యాయి. "అన్నా, ఫ్యానుకీ మైకుకీ ఏంటి సంబంధం?"

గుండ్రంగా, మెట్లు లేకుండా తిరిగే ఈ రకం రెగ్యులేటర్లో ట్రయాక్ అనే భాగం ఉంటుంది. కరెంటు అల ఒక్కోటి పైకీ కిందికీ వెళ్తున్నప్పుడు అది రెండు సగాల్లోనూ కొంత ముక్క కోసేస్తుంది. సెకనుకి 100 కోతలు. ప్రతి కోత అంచూ పదునుగా ఉంటుంది, ఆ పదునే చుట్టుపక్కల వైర్లలోకి గరుకు శబ్దంగా దూకుతుంది. సగం స్పీడు దగ్గర అల నడినెత్తిన కోత పడుతుంది కాబట్టి అప్పుడే ఎక్కువ. కెపాసిటర్లతో పనిచేసే మెట్ల రెగ్యులేటర్లో ఈ కోత లేదు, రొదా లేదు. ధర కూడా పెద్ద తేడా ఉండదు.

కానీ ఫ్యాను వైరు పక్క నుంచి పోయినంత మాత్రాన ప్రతి మైకూ ఇలా అరవదు. క్వైర్ మైకుల వైర్లు కూడా అదే గోడ వెంట ఉన్నాయి, అవి నిశ్శబ్దంగానే ఉన్నాయి. పుల్పిట్ వైరులో ఇంకేదో ఉంది. మిక్సరు దగ్గరికి వచ్చి ఆ వైరు కొస చూశాం. మైకు వైపు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్ఆర్. మిక్సరు వైపు కొసకి మాత్రం మామూలు మోనో జాక్ పిన్ను.

జాక్ మూత తిప్పి తీశాను. దగ్గరికి వంగి చూడండి. లోపల సన్నటి ఎర్ర తీగ జాక్ మొనకి అతికించి ఉంది. తెల్ల తీగనీ, పైన జల్లెడలా అల్లిన రాగి షీల్డునీ కలిపి మెలేసి ఒకే ముద్దగా సోల్డర్ పెట్టారు. షీల్డు పోగులు నాలుగైదు బయటికి పొడుచుకొచ్చాయి, రాగి నల్లబడింది. లోపమంతా ఈ చిన్న ముద్దలో ఉంది.

మైకు లోంచి ఒకే మాట రెండు తీగల్లో ఎదురెదురుగా వస్తుంది. ఒకదానిలో పైకి పోతుంటే రెండోదానిలో కిందికి. దారిలో ఫ్యాను రొద తగిలినప్పుడు రెండు తీగలకీ ఒకేలా తగులుతుంది. మిక్సరు ఆ రెండింటి మధ్య తేడా మాత్రమే తీసుకుంటుంది. తేడా తీసేటప్పుడు ఎదురెదురుగా ఉన్న మాట నిలుస్తుంది, ఒకేలా ఉన్న రొద కొట్టుకుపోతుంది. రెండు తీగల్నీ ఒకదానితో ఒకటి మెలివేసేది కూడా రొద రెండింటికీ సమానంగా తగలాలనే. టెలిఫోన్ వైర్లకి ఈ మెలిక పద్ధతిని అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు చేశాడు. మోనో జాక్ పెట్టిన క్షణం రెండో తీగ షీల్డుతో కలిసిపోతుంది. ఇక తీసుకోవడానికి తేడా లేదు, దారిలో ఎక్కినదంతా నేరుగా లోపలికే. పైగా మైకు ఇచ్చేది వోల్టులో వెయ్యో వంతుల లెక్క. మిక్సరు దాన్ని 40 డెసిబెల్స్ పెంచిందంటే 100 రెట్లు పెంచిందన్నమాట. రొద కూడా అదే 100 రెట్లు.

జాక్ కోసేశాను. తీగలు చెక్కి, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్ఆర్ పెట్టాం. షీల్డు ఒకటో పిన్నుకి, ఎర్ర తీగ రెండుకి, తెల్లది మూడుకి. మైకు వైపు కూడా ఇదే వరుసో కాదో మీటరుతో చూశాం. సోల్డరు ఈసారి కుర్రాడే పెట్టాడు. ముందు పిన్ను వేడెక్కాలి, అప్పుడు సీసం తీగ దానికి తాకించాలి. సీసం మెరుస్తూ చుట్టూ పారితే అతుకు మంచిది, బిందువులా ముద్దకట్టి మసకగా ఉంటే మళ్లీ పెట్టాలి. వాడి మూడో అతుకు నా అతుకుల కంటే బాగా మెరిసింది. ఫ్యాను సగం స్పీడులో పెట్టి చానల్ తెరిచాం. 'జుర్ర్' లేదు. వైర్లని ఫ్యాను వైర్లకి ఒక అడుగు దూరంగా జరిపి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం.

ఇక 'గుంయ్‌'. లాప్‌టాప్ దగ్గరికి రండి. పాటల సాహిత్యం తెర మీద వేసేది ఇదే, కీబోర్డు వాయించేవాళ్లు లేనప్పుడు ట్రాకులు వచ్చేదీ దీన్నుంచే. "ఛార్జర్‌దే అయ్యుంటదన్నా" అంటూ కుర్రాడు ఛార్జర్ పీకాడు. శబ్దం కాస్త తగ్గింది, పోలేదు. ఇప్పుడు ప్రొజెక్టరుకి వెళ్లే హెచ్‌డీఎంఐ కేబుల్ తీశాను. హాలు ఒక్కసారిగా ఖాళీ అయింది. మళ్లీ పెట్టాను, 'గుంయ్‌'.

పైకి చూడండి. ప్రొజెక్టరు పాత డాబా కింద వేలాడుతోంది, దానికి కరెంటు పాత బోర్డు నుంచి వస్తోంది. మిక్సరుకి కొత్త హాలు బోర్డు నుంచి. పాత భవనానికి ఒక ఎర్త్ గుంత, పొడిగించినప్పుడు కొత్త హాలుకి ఇంకోటి తవ్వారు. మీటరు ఒక ముల్లు హెచ్‌డీఎంఐ కొస లోహానికి, రెండోది మిక్సరు జాక్ లోహానికి పెట్టాను. ఏసీలో వోల్టు కంటే కొంచెం ఎక్కువ చూపించింది. రెండు ఎర్త్‌లూ ఒకే మట్టంలో లేవు. తేడా ఉన్న రెండు చోట్ల మధ్య దారి దొరికితే కరెంటు పారుతుంది. ఆ దారి మనమే వేసి ఇచ్చాం: ప్రొజెక్టరు ఎర్త్, హెచ్‌డీఎంఐ షీల్డు, లాప్‌టాప్, ఆడియో వైరు షీల్డు, మిక్సరు, మళ్లీ భూమి. ఇదే గ్రౌండ్ లూప్. ఆడియో వైరులో షీల్డే తిరుగు తీగ కూడా కాబట్టి, దానిమీద పారిన ప్రతి చుక్కా పాటలో కలిసిపోతుంది.

బ్యాగులోంచి డీఐ బాక్సు తీసి లాప్‌టాప్‌కీ మిక్సరుకీ మధ్య పెట్టాను. ఇందులో చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంది. రెండు రాగి చుట్లు, వాటి మధ్య లోహపు సంబంధం లేదు. పాట ఒక చుట్టు నుంచి రెండో చుట్టుకి అయస్కాంత క్షేత్రంగా దాటుతుంది. భూమి కరెంటుకి దాటే దారి లేదు. బాక్సు పక్కనున్న గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కాను. 'గుంయ్‌' పోయింది, తెర మీద అక్షరాలు అలాగే ఉన్నాయి.

"అన్నా, ఇది కూడా ఎర్త్ తీసేయడమేగా? మా బేస్ యాంప్‌కి కూడా అలాగే తీసేశారు" అన్నాడు కుర్రాడు.

"ఎక్కడ? చూపించు."

స్టేజీ ఎడమ మూల. ఎక్స్‌టెన్షన్ బోర్డులో బేస్ యాంప్ ప్లగ్గు. పీకి చేతిలో పెట్టుకున్నాను. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండాల్సిన లావు ఇత్తడి పిన్ను లేదు. దాని చోట హాక్సాతో కోసిన గుర్తు. ఎప్పుడో హమ్ వస్తోందని ఎవరో కోశారు, హమ్ తగ్గింది, అంతటితో వదిలేశారు.

"ఎవరూ గిటారు ముట్టుకోకండి." ప్లగ్గు పెట్టి యాంప్ ఆన్ చేశాను. మీటరు ఒక ముల్లు గిటారు తీగలకి, రెండోది క్వైర్ మైకు జల్లెడకి. వంగి అంకె చూడండి. దాదాపు వంద వోల్టులు. ఎర్త్ లేనప్పుడు యాంప్ లోపలి ఫిల్టరు కెపాసిటర్లు 230 వోల్టుల్ని ఇంచుమించు సగానికి చీల్చి బయటి లోహం మీద పెడతాయి. ఇప్పుడు దాంట్లో పారగల కరెంటు చాలా తక్కువ, అందుకే వాయించే అబ్బాయికి పెదవి మైకుకి తగిలినప్పుడు జివ్వుమని ఊరుకుంది. లోపల ట్రాన్స్‌ఫార్మరు ఇన్సులేషన్ ఒక్కచోట చెడిందంటే అదే లోహం మీదకి పూర్తి 230 వస్తుంది. ఎర్త్ పిన్ను ఉంటే ఆ క్షణమే కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు ఎగురుతుంది. పిన్ను లేకపోతే భూమికి దారి మనిషి ఒళ్లే. స్కాట్లండ్ బ్యాండు 'స్టోన్ ద క్రోస్' గిటారిస్టు లెస్ హార్వే 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజీ మీద, ఎర్త్ సరిగా లేని మైకు ముట్టుకుని ప్రాణం కోల్పోయాడు. అందరూ చూస్తుండగా జరిగింది.

కుర్రాడికి రెండింటి తేడా చేతిలో పెట్టి చూపించాను. డీఐ బాక్సు మీట విడదీసేది పాట నడిచే వైరు షీల్డుని మాత్రమే. లాప్‌టాప్ ఎర్త్, మిక్సరు ఎర్త్ గోడలో అలాగే ఉన్నాయి. ఈ కోసిన ప్లగ్గు తీసేసింది మనిషి ప్రాణానికి ఉన్న కాపలాని. రొద పోగొట్టడానికి మొదటిది సరైన దారి. రెండోది ఏ కారణానికీ చేయకూడని పని.

పాత ప్లగ్గు కోసి పారేశాం. కొత్త మూడు పిన్నుల ప్లగ్గు, ఆకుపచ్చ తీగ పెద్ద పిన్నుకి. మళ్లీ కొలిచాను, గిటారుకీ మైకుకీ మధ్య సున్నా. హమ్ తిరిగొచ్చింది, పోగొట్టడానికి దాన్ని కూడా డీఐ బాక్సు గుండానే మిక్సరుకి పంపాం.

మిగిలింది 'స్‌స్‌'. యాంప్లిఫయర్ నాబ్‌లు పూర్తిగా తిప్పి ఉన్నాయి, మిక్సరులో ఫేడర్లన్నీ దాదాపు అడుగున. మిక్సరు బలహీనంగా పంపుతుంటే యాంప్లిఫయర్ దాన్ని గట్టిగా పెంచుతోంది, మిక్సరు సొంత హిస్సుతో సహా. అయ్యగారిని గట్టిగా మాట్లాడమని, మీటరులో పచ్చలైట్లు నిండుగా వెలిగేదాకా గెయిన్ పెంచాను. ఫేడర్లు సున్నా గీత దగ్గర పెట్టి, యాంప్లిఫయర్ నాబ్‌లు సగానికి దించాను. శబ్దం అంతే ఉంది, హిస్సు వినపడటం లేదు. మిక్సరు మీద పెట్టిన ఫోను తీసి కిటికీలో పెట్టించాను. 2జీ కాల్ వచ్చే ముందు అది సెకనుకి 217 సార్లు సిగ్నలు పంపుతుంది, 'టిట్‌టిట్‌టిర్ర్' అనేది అదే.

చీకటి పడుతుండగా క్వైర్ ప్రాక్టీసుకి వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడని వెనక చాప మీద కూర్చోమన్నాం. అయ్యగారు మైకులో విడివిడిగా మాటలు చెప్తుంటే ఆవిడ తిరిగి అన్నారు. 'శాపం', 'పాపం', 'తాపం' మూడూ సరిగ్గా వచ్చాయి. "ఇప్పుడు ఇనపడతాంది అయ్యగారూ, రేపు కూడా ఇట్టాగే పెట్టించండి" అన్నారావిడ.

వెళ్లేముందు సంఘ పెద్దలకి రెండు పనులు చెప్పాను. ఒకటి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలిచి రెండు ఎర్త్ గుంతల్నీ మందపాటి రాగి తీగతో కలిపించాలి, మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించాలి. ఎండాకాలంలో గుంత ఎండిపోతుంది కాబట్టి వారానికోసారి బిందెడు నీళ్లు పోయాలి. రెండు, ఏ వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికో కొసలకి చీటీలు అంటించి, ఒక పటం గీసి మిక్సరు బల్ల పక్క గోడకి అతికించాలి. కుర్రాడు అప్పటికే నోటు పుస్తకం తెరిచి గీయడం మొదలెట్టాడు.

రొద మళ్లీ ఎప్పుడైనా రావచ్చు. కొత్త లైటు పెడతారు, ఎవరో కొత్త వైరు తెస్తారు. అప్పుడు మాస్టర్ దించి, సగం కోసి, ఓపికగా వెతికితే గంటలో దొరుకుతుంది. అంత ఓపిక లేని రోజున రొదతోనే ఆరాధన జరిపించండి. అంతేగానీ ప్లగ్గు మీద హాక్సా పెట్టనివ్వకండి. ఆదివారం ఉదయం మైకు పట్టుకునే పిల్లలందరి బాధ్యతా ఆ ఇత్తడి పిన్ను మీదే ఉంది, ఆ పిన్ను బాధ్యత పెద్దల మీద ఉంది.